విదేశీ అనాథాశ్రమంలో దివ్యాంగ పిల్లల దగ్గర వాలంటీర్‌గా వెళ్లాలనుకుంటే ఎలా చేయాలి

నేను ఖాట్మండు నుంచి తిరిగొచ్చి ఏడాది దాటింది గానీ ఇప్పటికీ నెలకి ఒకరైనా ఫోన్ చేస్తారు, ఏ సైట్‌లో అప్లై చేశారండీ, ఎంత ఖర్చయింది, సర్టిఫికెట్ ఇస్తారా అని. అందరూ టికెట్ దగ్గర మొదలుపెట్టి వీసా దగ్గర ఆపుతారు, నావల్ల ఆ పిల్లలకి ఒరిగేదేంటి అని అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. నేనూ వెళ్లేముందు అడగలేదు లెండి. నాది గుంటూరు, మిర్చి యార్డ్ దగ్గర కమీషన్ కొట్లో లెక్కలు రాసే పని, డాక్టర్నీ కాదు థెరపిస్టునీ కాదు, అన్‌సీజన్‌లో సెలవు పెట్టి సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా నాలుగు నెలలు ఉండి వచ్చా. మొదటి నెల ఒక చోట, మిగతా మూడు నెలలు ఇంకో చోట. మొదటి చోట తప్పులు చేశా, రెండో చోట కాస్త బుద్ధి వచ్చింది, ఆ వరసలోనే చెప్తా.

మొదట, అక్కడికెళ్లి ఏం చేస్తారో ఒక కాగితం మీద రాయండి

"పిల్లలతో టైమ్ స్పెండ్ చేస్తా, ప్రేమ పంచుతా" అని రాస్తే ఆ కాగితం చించేసి మళ్లీ రాయండి. కోపం తెచ్చుకోకండి, నేనూ అదే రాశా. ఫిజియోథెరపీ, స్పెషల్ బీఈడీ, స్పీచ్ థెరపీ, నర్సింగ్ చదివినవాళ్లయితే వాళ్ల పని తేలిగ్గానే దొరుకుతుంది, వాళ్లు కూడా పిల్లలకి నేరుగా చేయడం కంటే అక్కడి ఆయాలకి నేర్పడం మంచిది, ఎందుకంటే మీరు విమానం ఎక్కాక కూడా ఆయా అక్కడే ఉంటుంది. ఇవేవీ చదవనివాళ్లు మన చేతిలో ఏ పనుందో చూసుకోవాలి. వడ్రంగి పని వస్తే పిల్లల సైజుకి కుర్చీలు చేయొచ్చు, మెకానిక్ అయితే వీల్‌చైర్లు బాగుచేయొచ్చు, ప్రతి ఆశ్రమంలోనూ ఓ మూల చక్రం ఊడిపోయిన వీల్‌చైర్లు పడుంటాయి. లెక్కలు వస్తే లెక్కలు, నేను చివరికి చేసింది అదే, దాని గురించి తర్వాత.

బీటెక్ పిల్లలు సమ్మర్‌లో రెండు వారాలు వెళ్తాం అంటారు, వాళ్లకి నా మాట ఒకటే, రెండు వారాలకైతే పిల్లల దగ్గర పని ఒప్పుకోకండి, రంగులేయండి, ర్యాంపు కట్టండి, కంప్యూటర్లు బాగుచేయండి. ఎందుకో చెప్తా. 1989లో రొమేనియాలో నియంత చౌషెస్కు పాలన కూలిపోయాక అక్కడి సర్కారీ ఆశ్రమాల్లో లక్షమందికి పైగా పిల్లలున్నట్టు బయటపడింది, 2000లో బుకారెస్ట్‌లో 136 మంది చంటిపిల్లల మీద ఒక స్టడీ మొదలుపెట్టారు, సగంమందిని పెంపుడు కుటుంబాల్లోకి పంపి మిగతావాళ్లు మామూలుగా ఉన్నచోటే ఉంటే ఏమవుతుందో చూశారు. కుటుంబంలోకి వెళ్లినవాళ్లు తెలివిలోనూ మాటలోనూ ముందుకెళ్లారు, రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఇంకా బాగా. అంటే పిల్లకి కావాల్సింది బొమ్మలు కాదు, రోజూ కనిపించే ఒకే మనిషి. మనం రెండు వారాలకోసారి మారే మనుషులం. కొత్తమనిషి రాగానే పరిగెత్తుకొచ్చి మెడ పట్టుకునే పిల్లల్ని చూసి నేను మొదటిరోజు ఎంత మురిసిపోయానో, ఆ ఫోటో స్టేటస్ కూడా పెట్టా, తర్వాత తెలిసింది ఎవరొచ్చినా అలాగే పట్టుకుంటారని, అది ప్రేమ ఎక్కువై కాదు, ఒక మనిషి కుదురుగా దొరక్క.

తర్వాత మూడు నెలలు ఇక్కడే చేయండి

ఇది చాలామంది వదిలేస్తారు. మన రాష్ట్రంలో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, సమగ్ర శిక్ష కింద నడుస్తాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి అక్కడ చదువూ ఫిజియోథెరపీ ఉంటాయి. మీ మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకెళ్లి నేను ఫలానా, వారానికి రెండురోజులు వచ్చి సాయం చేస్తాను అని అడగండి, అక్కడుండే రిసోర్స్ టీచర్లు చాలా ఓపికస్తులు. విజయవాడ గుంటూరుల్లో ప్రైవేటు స్పెషల్ స్కూళ్లు కూడా ఉన్నాయి, ఎక్కడైనా సరే. ఇక్కడైతే తల్లి తెలుగులో చెప్తుంది, వీడికి నీళ్లు పలచగా ఇస్తే పొలమారుతుందండీ కొంచెం చిక్కగా ఏదైనా ఇవ్వండి అని. అక్కడ ఆ మాట మీకు అర్థం కాని భాషలో చెప్తారు, ఈలోపు చెంచా నోట్లోకి వెళ్లిపోయుంటుంది.

ఈ మూడు నెలల్లో మీకే తెలిసిపోతుంది, చొంగ తుడవడం, పెద్ద పిల్లాడికి డైపర్ మార్చడం, ఒకే ముద్ద పది నిమిషాలు తినిపించడం మీ వల్ల అవుతుందో లేదో. కాకపోతే సిగ్గేం లేదు, టికెట్ డబ్బులు మిగిలినట్టే.

చోటు ఎంచుకోవడం, అసలు కష్టమంతా ఇక్కడే

నేను ఏజెన్సీకి డబ్బు కట్టా. వాళ్లు నన్ను ఒక్క కాగితం అడగలేదు, పోలీస్ సర్టిఫికెట్ లేదు, ఇంటర్వ్యూ లేదు, డబ్బు పడగానే వెల్‌కమ్ అని మెయిల్. నాకప్పుడు భలే ఈజీగా అయిపోయిందే అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే భయమేస్తుంది, నన్ను అడగనివాళ్లు నా ముందొచ్చినవాణ్ణి మాత్రం ఏం అడిగుంటారు?

అక్కడ ముప్పైమంది దాకా పిల్లలు, సగంమందికి ఏదో ఒక లోపం, నడవలేనివాళ్లు, వినపడనివాళ్లు, ఇద్దరు ఆటిజం పిల్లలు. మేం వెళ్లిన సాయంత్రం డాన్స్ వేయించారు. అందరూ అనాథలే అన్నారు. తీరా దసరా వచ్చింది, వాళ్లు దశైం అంటారు, మనకి దుర్గమ్మ కొండ మీద ఎంత హడావుడో వాళ్లకి దేశం మొత్తం అంత హడావుడి, ఊళ్లకెళ్లి పెద్దవాళ్ల చేత నుదుట టీకా, అంటే బొట్టు, పెట్టించుకోవాలి. పండక్కి మూడురోజుల ముందు నుంచి ఒక్కొక్కళ్ల నాన్నో మేనమామో వచ్చి పిల్లల్ని తీసుకెళ్లడం మొదలైంది. అనాథలు ఇళ్లకెళ్తున్నారు! నేను మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయా. మిగిలింది నడవలేని పిల్లలు, ఎందుకంటే బస్సు దిగాక కొండెక్కి నడిచే ఊళ్లు వాళ్లవి, మోసుకెళ్లడం కుదరదు. వాళ్లలో ఒక బాబు కోసం వాళ్లమ్మే బస్సెక్కి వచ్చింది, వాడి నుదుట టీకా పెట్టి, వాడి పక్కనే పడుకుని, పొద్దున్నే వెళ్లిపోయింది. మా ఊళ్లో వీడికి బడి లేదు, కాళ్లకి చూపించేవాళ్లు లేరు, ఇక్కడైతే రెండూ ఉన్నాయన్నారు అని హిందీ నేపాలీ కలిపి చెప్పింది.

ఇది ఆ ఒక్క ఆశ్రమం కథ కాదు. ప్రపంచం మొత్తం మీద ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఐదుగురిలో నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని పిల్లల కోసం పనిచేసే సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లోనే లెక్క చెప్పింది. కంబోడియాలో 2005లో 153 ఉన్న ఆశ్రమాలు 2010కి 269 అయ్యాయి, ఆ ఐదేళ్లలో అక్కడ తల్లిదండ్రులు చచ్చిపోయి కాదు, టూరిస్టులూ డోనర్లూ పెరిగి. ఆస్ట్రేలియా 2018లో మోడర్న్ స్లేవరీ చట్టం చేసేటప్పుడు ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా బానిసత్వం కింద గుర్తించింది. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తీర్మానంలోనూ ఈ వాలంటీర్ టూరిజం వల్ల పిల్లలకి జరిగే చెడు గురించి ఉంది. మనం కట్టే ఫీజు కోసమే పిల్లల్ని కొండల మీంచి దింపుతున్నారంటే, మనం వెళ్లి చేసే సేవ ఏ లెక్కలోకొస్తుంది?

అందుకని డబ్బు కట్టకముందే వీడియో కాల్ అడిగి ఇవి అడగండి, మొహమాటపడకండి, పెళ్లి సంబంధానికి ఎన్ని అడుగుతాం? పిల్లల్లో ఎంతమందికి అమ్మానాన్న ఉన్నారు, వాళ్లని ఇంటికి పంపడానికి మీరేం చేస్తున్నారు. జీతం తీసుకుని పనిచేసే ఆయాలు పగలు ఎంతమంది రాత్రి ఎంతమంది. థెరపిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు. నా ఫీజులో ఏజెన్సీకి ఎంత, ఇక్కడికి ఎంత. నన్ను పిల్లలతో ఒంటరిగా వదుల్తారా. ఈ చివరిదానికి "ఓ తప్పకుండా, మీ ఇష్టం" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. నీ పోలీస్ సర్టిఫికెట్ ఏది, ఎంతకాలం ఉంటావు, ఇంతకుముందు ఎక్కడ చేశావు అని వాళ్లే మిమ్మల్ని విసిగిస్తే అది మంచి చోటు.

ఇంకో దారి కూడా ఉంది, నాకు రెండో చోట దొరికింది అదే. ఆశ్రమం కాదు, డే కేర్ సెంటర్. పొద్దున తల్లి పిల్లని వీపున కట్టుకునో వీల్‌చైర్‌లో తోసుకునో తెచ్చి దింపి పనికెళ్తుంది, సాయంత్రం తీసుకెళ్తుంది. పిల్ల రాత్రికి అమ్మ పక్కనే పడుకుంటుంది. మీకు ఆశ్రమమే కావాలని పట్టుదల లేకపోతే ముందు ఇలాంటివి వెతకండి.

కాగితాలు, సూదులు, ప్రయాణం

ఆరు నెలల ముందు మొదలుపెట్టండి, ఎందుకంటే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం టీకాలు కూడా డాక్టర్ని అడిగి వేయించుకోండి, మనకోసమే కాదు, మన జలుబు అక్కడ ఊపిరి సరిగా అందని పిల్లకి న్యుమోనియా అవుతుంది. ఉగాండా, ఘనా లాంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పది రోజులాగాలి, హైదరాబాద్ నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు, ఆ టీకా కార్డు లేకుండా అక్కడినుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే క్వారంటైన్ చేస్తారు.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా సైట్‌లోనే అప్లై చేయాలి, ఫీజు 500 రూపాయలు, విజయవాడ కేంద్రంలో స్లాట్ తీసుకుంటే సరిపోతుంది. నేపాల్‌కి మనవాళ్లకి వీసా అక్కర్లేదు, కానీ ఫ్లైట్‌కి పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డ్ గానీ ఉండాలి, పదిహేను దాటి అరవై ఐదు లోపువాళ్లని ఆధార్ చూపిస్తే ఎక్కనివ్వరు. వేరే దేశమైతే టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చేయొచ్చో లేదో ఎంబసీ సైట్‌లో చూస్కోండి, చాలా దేశాల్లో ఒప్పుకోరు, పర్లేదండీ అందరూ అలాగే వస్తారు అని ఏజెంట్ అంటే వినకండి.

డబ్బు తక్కువుంటే నాలాగా విజయవాడలో రప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, సునౌలీ బోర్డర్ దాటి బస్సులో పోవచ్చు. నడుం విరుగుతుంది, మళ్లీ చేస్తావా అంటే చేయను. మన వంద వాళ్లకి నూట అరవై. ఖాట్మండు దాదాపు 1400 మీటర్ల ఎత్తులో ఉంటుంది, డిసెంబర్‌లో తెల్లారుజామున గుంటూరోళ్లం మనం బతకడం కష్టం, స్వెటర్లు రెండు పట్టుకెళ్లండి. ఆవకాయ సీసా మీకు మాత్రమే, పిల్లల పళ్లెం దగ్గరికి తేవద్దు.

వెళ్లాక మొదటి వారం చేతులు కట్టుకు కూర్చోండి

నిజంగానే. ఎవరు ఎవర్ని ఎలా లేపుతున్నారు, ఎవరికి ఏ శబ్దం పడదు, ఎవరు దేనికి నవ్వుతారు, నోట్‌బుక్‌లో రాసుకోండి. అక్కడ పనిచేసే ఆడవాళ్లని దీదీ అనాలి, పేరు పెట్టి పిలవకండి. నాలుగు మాటలు నేర్చుకుంటే చాలావరకు గడిచిపోతుంది: పానీ అంటే నీళ్లు, పుగ్యో అంటే చాలు, దుఖ్యో అంటే నొప్పి, బిస్తారై అంటే మెల్లగా. మాటలు రాని పిల్లలకి కూడా అవును కాదు ఉంటాయి, ఒక పాప అవునంటే కళ్లు పైకెత్తేది, అది తెలీక నేను వారం రోజులు తను నన్ను పట్టించుకోవట్లేదనుకున్నా. వినపడని పిల్లల సైగల భాష నేపాల్‌ది వేరు, మన దగ్గర నేర్చుకున్నదాంతోనే సరిపోదు.

"పాపం" అన్న మాట మాత్రం గుంటూరులోనే వదిలేసి వెళ్లండి, మనవాళ్లకి అది నోటి చివరే ఉంటుంది, భాష తెలీకపోయినా ఆ మొహం పిల్లలకి తెలిసిపోతుంది.

తినిపించడం, ఎత్తడం, ఫిట్స్

ఇది జాగ్రత్తగా చదవండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న బాబుకి మొదటి చోట నేను ఒళ్లో పడుకోబెట్టుకుని తినిపించా, మన ఇళ్లల్లో చంటిపిల్లలకి పెట్టినట్టు, తల వెనక్కి వాలిపోయుంది. రెండో చెంచాకే పొలమారి మొహం నీలంగా అయిపోయింది. దీదీ పరిగెత్తుకొచ్చి ముందుకి వంచి వీపు మీద కొట్టింది కాబట్టి సరిపోయింది, నాకు ఆ రాత్రి నిద్రలేదు. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి, చిన్న చెంచా, ఒకటి మింగాకే ఇంకోటి, గొంతు కదిలిందో లేదో చూడాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఒక్కో భోజనానికి ముప్పావు గంట పడుతుంది, తొందరుంటే ఆ పని ఇంకొకళ్లకి ఇచ్చేయండి.

ఎత్తేటప్పుడు చేతులు పట్టుకుని లాగకండి, నడవని పిల్లల ఎముకలు పెళుసుగా ఉంటాయి. ముందు చెప్పి, కాస్త పెద్ద పిల్లయితే ఇద్దరు కలిసి, వీల్‌చైర్ బ్రేక్ వేశాకే ఎత్తండి. కదల్లేని పిల్లల్ని రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది.

ఫిట్స్ వస్తే మన దగ్గర తాళాలు చేతిలో పెడతారు చూడండి, అది అక్కడా చేయకండి ఇక్కడా చేయకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే హాస్పిటల్. చూపు లేని పిల్లల్ని ముట్టుకునేముందు పేరు చెప్పాలి, ఆటిజం పిల్లల్ని హఠాత్తుగా హత్తుకోకూడదు, ఇవి మీకు భవిత కేంద్రంలోనే వచ్చేసుంటాయి.

ఫోటోలు, చాక్లెట్లు, మాటివ్వడం

మొహాలు కనిపించే ఫోటోలు వద్దు, నేను పెట్టిన స్టేటస్ తీసేశా. చాక్లెట్లు పంచకండి, మింగలేని పిల్ల ఎవరో మీకు తెలీదు. మళ్లీ వస్తా అని అనకండి, వాళ్లు రోజులు లెక్కపెడతారు.

ఏదైనా తేడాగా కనిపిస్తే, కొట్టడం గానీ గదిలో పెట్టి తాళం వేయడం గానీ, మీరే గొడవ పెట్టుకోకుండా తేదీ టైమ్ రాసుకుని చెప్పాల్సినచోట చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ మన దగ్గరలాగే నేపాల్‌లో కూడా 1098.

నేను చేసిన పని, దిగిపోయే పద్ధతి

రెండో చోట నాకు పిల్లల్ని అప్పగించలేదు, ఏం వచ్చు అని అడిగారు, లెక్కలు వచ్చు అన్నా. మందుల అలమర చూపించారు. ఫిట్స్ మందులు ఎవరికి ఎంత, ఎప్పుడు అయిపోతుంది, ఎవరు తెచ్చారు అన్నీ దీదీల జ్ఞాపకంలోనే ఉన్నాయి, ఒక దీదీ సెలవు పెడితే ఒక డోసు పోయేది, డోసు పోతే ఫిట్స్ వచ్చేది. కొట్లో చిట్టా రాసినట్టు రాశా: పొద్దున నిల్వ, ఇచ్చింది, మిగిలింది, ఇచ్చినవాళ్ల సంతకం. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ, ఆవర్జా (ఖాతాల పుస్తకం) లాగా. సీసాలో మందు వారానికి సరిపడేంతకి తగ్గితే ఎర్ర ఇంకుతో గీత. నేపాలీ రాయడం నాకు రాదు కాబట్టి హెడ్డింగులు దీదీయే రాసింది, మొదటి నెల నేను రాశా, రెండో నెల ఇద్దరం, మూడో నెల ఆమె రాస్తుంటే నేను పక్కన కూర్చున్నా. మీరు ఏ పని చేసినా ఈ మూడు మెట్లు పెట్టుకోండి, చివరి నెల మీ చేయి పడకుండా నడవాలి.

వెళ్లేముందు రెండు వారాలు గోడమీద కాగితం పెట్టి రోజుకో గడి కొట్టేయించా పిల్లల చేత, చివరి గడిలో బస్సు బొమ్మ. చెప్పకుండా పారిపోవద్దు, ఏడుస్తారని రాత్రిపూట బయల్దేరేవాళ్లని చూశా, పొద్దున వాళ్ల మంచం దగ్గరకెళ్లి వెతికే పిల్లని కూడా చూశా.

ఇప్పుడు నెలాఖరున దీదీ వాట్సాప్‌లో ఆ పుస్తకం పేజీ ఫోటో పంపుతుంది, నేను సీజన్ హడావుడిలో ఉన్నా సరే కూడికలు చూసి పంపిస్తా. పోయినసారి ఒక సీసా తేడా వచ్చింది, చూస్తే పండక్కి ఊరెళ్తూ ఒక తల్లి పట్టుకెళ్లిందట, ఎర్ర ఇంకుతో ఆమె సంతకం కూడా ఉంది.